ఒకసారికి ఒకటే మార్పు

మా బావకి ఊళ్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. ఊళ్లో ఇంజిన్ మేస్త్రి. ఇంట్లో ‘ఎందుకు బావ’. మా అక్కని చేసుకుని మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, కాఫీ కప్పు కింద పెట్టకముందే, “మీ గోడ గడియారం ఎందుకు వెనకబడుతోంది?” అని అడిగాడు. కొత్త అల్లుడు ముచ్చటపడుతున్నాడని అమ్మ నవ్వి ఊరుకుంది. మధ్యాహ్నానికి ఆ గడియారం వరండాలో దుప్పటి మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. ఎందుకు వెనకబడుతోందో ఆయనకి తెలిసిపోయింది. గడియారం మాత్రం మళ్లీ గోడెక్కలేదు.

నేను దర్జీని. ఇచ్చిన గుడ్డ, చెప్పిన కొలత, అన్న రోజుకి బట్ట. భుజాలు ఒకటి ఎత్తు ఒకటి పల్లం ఎందుకున్నాయని నేనెవరినీ అడగను. అందుకే బావకి నేనంటే జాలి, నాకు బావంటే మంట. ఆయన షెడ్డూ నా కొట్టూ పక్కపక్కనే, మధ్యలో ఒక రేకు గోడ. రోజంతా ఆ రేకులోంచి సుత్తి చప్పుడూ, “ఎందుకూ?” అనే కేకా వినపడుతూనే ఉంటాయి. నా చెవులు ఎప్పుడో దానికి అలవాటు పడిపోయాయి.

అయితే ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోక తప్పదు. బండి ఏదైనా, అనుమానాలు ఎన్ని ఉన్నా, ఒకసారికి ఒకటే మారుస్తాడు. ప్లగ్గు మారిస్తే ప్లగ్గే. నడిపి చూసి, దాని సంగతి తేలాక రెండోదాని జోలికి వెళ్తాడు. రెండూ కలిపి మార్చేస్తే బండి బాగవుతుంది గానీ జబ్బేమిటో తెలియదు కదా, అంటాడు. బండి తెచ్చినవాడికి కావలసింది బాగవడమే గదా బావా అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా, అది ఆయన బుర్రకెక్కలేదు.

మా అక్క సంగతి చెప్పాలి. అక్క డ్రైవరు. పెళ్లైన కొత్తలో బావ బాగుచేసిన బండ్లు నడిపి చూసేటప్పుడు పక్కన కూర్చునేది. కొన్నాళ్లకి ఆయన పక్కన కూర్చున్నాడు, ఆమె నడిపింది. ఆ తర్వాత ఒక పాత వ్యాను కొనుక్కుని గుట్ట మీది ఎముకల ఆసుపత్రికి రోగుల్ని చేరవేసే పని తెచ్చుకుంది. మోకాళ్లు అరిగినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు, చంకలో కర్రలున్నవాళ్లు, వీళ్లంతా పొద్దున్నే గుమ్మాల్లో నిలబడి అక్క హారన్ కోసం ఎదురుచూసేవాళ్లు. అక్క ఆ పనంటే ప్రాణం పెట్టేది. తనంతట తాను సంపాదించుకున్న పని అది.

వ్యాను ముసలిదైంది. గుట్ట దారిలో చివరి మలుపు ఒకటి ఉంది, నిట్టనిలువుగా ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి బండి ఊపిరాడనట్టు వణికి ఆగిపోయేది. అప్పుడు నడవగలిగినవాళ్లు దిగేవాళ్లు. మోకాళ్ల వైద్యానికి వెళ్తున్నవాళ్లు మోకాళ్లు పట్టుకుని మలుపు ఎక్కేవాళ్లు. ముందు సీట్లో కూర్చునే చేతికర్ర తాత ఒకాయన, “అమ్మాయ్, నీ బండికే ముందు ఆపరేషన్ చేయించు” అని రోజూ అనేవాడు. ఆయన సరదాకే అనేవాడు. అక్కకి మాత్రం తలకొట్టేసినట్టుండేది.

ఒకరోజు ఆసుపత్రి మేనేజరు కిటికీలోంచి ఆ ఊరేగింపు చూశాడు. “మా పేషెంట్లు గుట్టెక్కి రాగలిగితే ఇంక మేమెందుకమ్మా?” అన్నాడు. వచ్చే వారమంతా ఆసుపత్రి మూసి గదులకి రంగులు వేస్తున్నారని, తలుపులు తెరిచిన రోజున బండి నిండా మనుషులతో మలుపు ఎక్కకపోతే వేరే వ్యాను చూసుకుంటామని చెప్పేశాడు.

అక్క తిన్నగా షెడ్డుకి వచ్చి తాళం చెవి బావ చేతిలో పెట్టింది. “ఏమండీ, ఏం మారుస్తారో నాకు తెలీదు. వారంలో మలుపు ఎక్కాలి” అంది. మిషను ఆపి నేనూ వెళ్లాను. బావ అప్పటికే నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీస్తున్నాడు.

“చూడు బామ్మర్దీ, ఇంజిన్లోకి గాలి పోవడానికొక తలుపు, పొగ పోవడానికొక తలుపు. వాటినే వాల్వులంటాం. ఇదిగో, కింద ఈ కామ్ షాఫ్ట్ తిరుగుతుంటుంది. దీని ఒంటి మీద గుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. ఉబ్బు వచ్చినప్పుడల్లా ఒక కడ్డీని పైకి తోస్తుంది. ఆ కడ్డీ రాకర్ ఆర్మ్‌ని ఒక కొసన లేపుతుంది. పార్కులో పిల్లలు ఎక్కే బల్ల ఉంటుంది చూడు, ఒక వైపు లేస్తే రెండో వైపు దిగుతుంది, అలాంటిదే. దిగిన కొస వాల్వుని నొక్కి తెరుస్తుంది. అంతే.”

“మరి బలం ఎక్కడ పెరుగుతుంది?”

“తలుపు ఇంకాస్త తెరుచుకుంటే గాలి ఎక్కువ పోతుంది, లాగుడు పెరుగుతుంది. దానికి రెండు దారులున్నాయి. వాల్వు వైపు కొస కాస్త పొడుగున్న రాకర్లు పెడితే, అదే తోపుకి వాల్వు ఇంకొంచెం దిగుతుంది. ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్నది మారదు. కామ్ షాఫ్టే మార్చేస్తే వేళలతో సహా అన్నీ మారిపోతాయి.”

“అంటే రాకర్లు మార్చడం ఉన్న చొక్కాని వదులు చేయడం. కామ్ మార్చడం కొత్త చొక్కా కత్తిరించడం.”

బావ నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు.

ఈలోగా రేసు వచ్చాడు. వాడు బావ స్నేహితుడు. సెలవు రోజుల్లో కార్ల పందేలకి పోతుంటాడు, అందుకే ఆ పేరు. వాడు నిలబడి ఉన్నా ఎక్కడికో పరిగెత్తుతున్నట్టే ఉంటాడు. “రాకర్లా? మేస్త్రీ, దోమని చంపడానికి కూడా సరిపోవు అవి. ఇది పెట్టు” అని గోనెసంచిలోంచి ఒక కామ్ షాఫ్ట్ తీశాడు. ఇదే రకం ఇంజిన్‌ని పందేలకి తయారుచేసినప్పుడు చేయించుకున్నదట. ఉబ్బులు ఒక్కోటి లావుగా, నున్నగా మెరుస్తున్నాయి.

బావ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక ఉబ్బు మీద బొటనవేలు నడిపాడు. అటు నడిపాడు, ఇటు నడిపాడు. “ఇంత వెడల్పెందుకు దీనికి?” అన్నాడు. ఇంక అయిపోయింది. రాకర్ల మాట ఎత్తినవాడు లేడు.

మూడు రోజులు ఆ కామ్‌కే పోయాయి. ముందు భాగమంతా విప్పాలి, పళ్ల చక్రాల గుర్తులు కలపాలి, వెనక్కి తీయాలి, మళ్లీ కలపాలి. దుప్పటి మీద ముక్కలన్నీ వరసగా పరిచి, మధ్యలో బావ పిల్లాడిలా కూర్చుని పనిచేశాడు. అయ్యాక ఇసుక బస్తాలు వేసుకుని, నన్నూ ఒక బస్తా కింద లెక్కేసుకుని, నలుగురం గుట్టకి బయలుదేరాం.

చదును రోడ్డు మీద ఆ ముసలి వ్యాను ఎగిరిందంటే నమ్మండి. రేసు వెనక సీట్లో ఈలలు వేశాడు. అక్క ముఖం వెలిగిపోయింది. గుట్ట మొదలైంది. మలుపు వచ్చింది. అక్క గేరు తగ్గించింది. ఇంజిన్ ఒక్కసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, ఎప్పుడూ ఆగే చోటికి ఇంకా కింద ఉండగానే ఆగిపోయింది.

బావ దిగి బండి చుట్టూ తిరిగాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. “అనుకున్నట్టే అయింది! ఈ కామ్ తలుపుని చాలాసేపు తెరిచి ఉంచుతుంది. ఇంజిన్ గిర్రున తిరిగేటప్పుడు దానివల్ల లాభం. మెల్లగా తిరిగేటప్పుడు లోపలికి వచ్చిన గాలి అదే తలుపులోంచి వెనక్కి పోతుంది. మలుపులో మనది మెల్లగానే తిరుగుతుంది కదా, అందుకే చచ్చింది!”

అక్క స్టీరింగ్ మీద చేతులు తీయలేదు. “ఇది మీకు ముందే తెలుసా?”

“తెలుసని కాదు. అనుమానం ఉంది.”

“అనుమానం ఉండి కూడా ఎందుకు పెట్టారు?”

“నిజమో కాదో చూద్దామని...”

“గడియారం విప్పారు, ఊరుకున్నాను. ఫ్యాను విప్పారు, విసనకర్రతో విసురుకున్నాను. నా పని మీద కూడానా మీ చూడటం?” అక్క గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని నాకనిపించింది. రేసు దిగి చక్రం కింద రాయి పెట్టాడు. బావ ఇంకో రాయి వెతుక్కుంటూ వెళ్లాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఆసుపత్రి తెరవడానికి ఇంక ఎంతో వ్యవధి లేదు. మర్నాడు పొద్దున నేను కొట్టు తెరిచేసరికి షెడ్డులో సుత్తి చప్పుడుంది గానీ మాట లేదు. రెండు రోజులు రాత్రీ పగలూ కూర్చుని బావ పాత కామ్ తిరిగి ఎక్కించేశాడు. ఆ ఊపులోనే ఇంజిన్ తల, అంటే వాల్వులుండే పైభాగం కూడా విప్పాడు. వాల్వుల మెడల చుట్టూ మసి గడ్డకట్టి ఉంటే గీకి, నూరి, కొత్తవాటిలా చేశాడు. పాత సామాన్ల కొట్టులో అదే జాతి ఇంజిన్‌కి చెందిన పొడుగు రాకర్లు దొరికితే అవీ తెచ్చి బిగించాడు.

నేను ఉండబట్టలేక, “బావా, ఒకసారికి ఒకటే కదా?” అన్నాను.

“నోరు మూసుకుని ఆ బోల్టులందివ్వు.”

అందించాను. పొడుగు రాకర్ల వల్ల వాల్వులు ఎక్కువ దిగితే వాటి స్ప్రింగుల చుట్లు ఒకదానికొకటి కొట్టుకుని విరుగుతాయట. ఇంజిన్‌ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ, ప్రతి స్ప్రింగు చుట్ల మధ్యా సన్నటి తీగ దూర్చి చూశాడు. అంత జాగ్రత్త ఆయనలో కొత్త కాదు. ఒక్కసారి కూడా ఎందుకూ అనకపోవడమే కొత్త.

ఆసుపత్రి తెరిచిన రోజున బండి కిటకిటలాడింది. వెనక మూలన నేనూ బావా ఇరుక్కుని కూర్చున్నాం. మలుపు కనపడగానే చేతికర్ర తాత అలవాటు చొప్పున కర్ర అందుకుని తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. అక్క గేరు తగ్గించింది. బండి వణికింది. బండి వణుకుతూనే పైకి లాగింది, లాగుతూనే ఉంది, మలుపు వెనక్కి పోయింది. తాత తలుపు వదిలి, “ఏమ్మాయ్, దిగాల్సిన పన్లేదా?” అన్నాడు కాస్త నిరాశగా. బండంతా నవ్వింది. బావ నవ్వలేదు. తల పక్కకి వాల్చి ఇంజిన్ చప్పుడు వింటున్నాడు.

ఎందుకు వింటున్నాడో నాకు తెలుసు. బండి ఎక్కింది సరే, దేనివల్ల ఎక్కింది? పొడుగు రాకర్ల వల్లా, మసి గీకడం వల్లా, రెండింటి వల్లానా? ఆ సంగతి తేలాలంటే ఒకటే మార్గం. పాత రాకర్లు మళ్లీ పెట్టి చూడాలి. పైమూత తీస్తే చాలు, కామ్‌లాగా రోజులు పట్టే పని కాదు, ఒక పూటలో అయిపోతుంది. పాతవి షెడ్డులో కళ్లెదుటే నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. కానీ బండి రోజూ ఆసుపత్రికి పోతోంది. పాతవి పెట్టాక మలుపులో ఆగిపోతే?

నెలలు గడిచాయి. బావ అడగలేదు. సాయంత్రం వ్యాను షెడ్డు ముందు ఆగితే వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు, చల్లబడేదాకా. మింగలేక కక్కలేక ఆ మనిషి పడే అవస్థ నేనే చూడలేకపోయాను. “ఒక్కరోజు బండి ఆపి, విప్పి సాయంత్రానికి బిగించెయ్ బావా, అక్కకి నేను చెప్తాలే” అన్నాను ఒకసారి.

“వద్దు. అది ఆమె బండి” అన్నాడు.

రేకు గోడ అవతల అక్క ఉందని మా ఇద్దరికీ తెలియదు. వినే ఉంటుంది.

ఆ తర్వాత ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయికి పెళ్లి కుదిరి కొన్నాళ్లు సెలవు పెట్టింది. అక్క బండిలో వెళ్లేవాళ్లంతా ఆమె దగ్గరికే గనక వ్యానుకీ సెలవు దొరికింది. మొదటిరోజు పొద్దున్నే అక్క షెడ్డుకి వచ్చి తాళం చెవి బల్ల మీద పెట్టింది. “పాత రాకర్లు పెట్టండి” అంది.

బావ అర్థంకానట్టు చూశాడు. “బాగా నడుస్తోంది కదా?”

“నడుస్తోంది. ఎందుకు నడుస్తోందో మీకు తెలీదు. నాకూ తెలీదు. రోజూ ఆ మలుపులో నాకదే ఆలోచన. పెట్టండి, చూద్దాం.”

బావ నూనెగుడ్డ విప్పాడు. రాకర్లు మాత్రమే మార్చాడు, ఇంకే బోల్టునీ ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి ఇసుక బస్తాలూ, బస్తాలతో పాటు నేనూ ఎక్కాం. మలుపు మొదలైంది. బండి కాసేపు లాగింది. వెనకటికి ఆగే చోటు దాటింది. ఇంకొంచెం పోయింది. వణికింది. ఆగింది.

ఇదే మలుపులో ఎన్నోసార్లు తల దించుకుని కూర్చున్న మా అక్క స్టీరింగ్ మీద వాలిపోయి పగలబడి నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. “మసి గీకినందుకు ఇంతదాకా వచ్చింది. మిగతా అంతా రాకర్లే!” అని అరిచింది.

బావ దిగి చక్రం కింద రాయి పెట్టి కిటికీ దగ్గరికి వచ్చాడు. అక్క చీరకొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన ముఖంలోకి చూసింది.

“ఏమండీ, పొడుగువి గాలి వాల్వులకే పెట్టి, పొగ వాల్వులకి పాతవే ఉంచితే ఏమవుతుంది?”

బావ ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు. “తెలీదు” అన్నాడు చివరికి. ఆ మాట అంత సంతోషంగా అన్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆయన ఇంకా అలా నిలబడి ఉండగానే అక్క దిగి బానెట్ ఎత్తుతోంది.