చుక్క కారని కారు

ఇంజనుకు ప్రాణం పోయడానికి మెకానిక్కులు ఏళ్ల తరబడి పని నేర్చుకుంటారు. దాని ప్రాణం తీయడానికి నాకు ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. అదీ మా మామగారి ఇంజను, అదీ పెళ్లయిన కొత్తలో. ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంటికొస్తే మాత్రం మా ఆవిడ ముందు ఈ ఊసెత్తకండి.

యుద్ధం అయిపోయి, పెట్రోలు మళ్లీ కొద్దికొద్దిగా దొరుకుతున్న రోజులవి. సిద్దిపేటలో బట్టల వ్యాపారం చేసే మా మామగారు హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన పాత కారు కొన్నారు. 'కారు' అన్న పేరు దానికి తెలుగులోనే పెట్టారేమో అనిపించేది. ఆగిన చోటల్లా నల్లటి ఇంజను నూనె కారేది. మామగారు ఎవరింటికి వెళ్లొచ్చారో ఆ మరకలు చూసి వీధి వీధంతా చెప్పేసేది.

మా అత్తగారికి కొమురవెల్లి మల్లన్న మొక్కు ఉంది. కొత్త అల్లుడితో నేరుగా మాట్లాడరు కాబట్టి, నాకు వినపడేలా కూతురితో అన్నారు.

"గీ కారే బండి గంత దూరం పోతదా? మీ ఆయనకు మోటర్ల సంగతి తెలుసునంటివి?"

నాకు తెలిసిందల్లా, చదువుకునే రోజుల్లో మరమ్మతు దుకాణం ఎదురుగా కూర్చుని చాయ్ తాగడమే. అయినా చొక్కా చేతులు మడిచాను.

"ఎంతసేపు పడతది అల్లుడా?" అన్నారు మామగారు.

"తినే యాళ్లకు అయిపోతది మామా."

కారు కిందికి దూరి, నూనెనంతా ఒక బేసినులోకి దించాను. ఇంజను అడుగున ఉండే రేకు తొట్టిని మరలు విప్పి కిందికి తీశాను. తల పైకెత్తి చూసి అలాగే ఉండిపోయాను. మెరిసే ఇనుప కడ్డీలు ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టు ఉన్నాయి. ఏ దేవుడి గర్భగుడిలోనూ అంత భయభక్తులతో నిలబడలేదు నేను. పడుకోలేదు అనాలేమో. నూనె కారకుండా తొట్టి అంచున ఉండే పాత బెండు పట్టీ పొడిపొడిగా రాలిపోయింది. దాని బదులు తోలు పట్టీ కోసి అతికించి, మరలన్నీ బలంకొద్దీ బిగించాను.

బయటికి వచ్చేసరికి పక్కింటి బండాయన బేసిను దగ్గర నిలబడి ఉన్నాడు.

"అయ్యా, గీ నూనె పారబోస్తరా? మా బండి ఇరుసుకు పనికొస్తది."

"మొత్తం తీస్కపో," అన్నాను దానకర్ణుడిలా. ఇంతలో భోజనానికి పిలుపు వచ్చింది.

మామగారు బట్టల వ్యాపారి కదా, పరీక్ష కూడా బట్టతోనే పెట్టారు. ఆ రాత్రి కారు కింద దుబ్బాక తెల్ల తువ్వాల పరిచారు. తెల్లారి చూస్తే అది మల్లెపువ్వులా ఉంది. దాన్ని పట్టుకుని మామగారు వాకిట్లోకి వెళ్లి వచ్చేపోయేవాళ్లందరికీ చూపించారు.

"చూసిన్రా, చుక్క లేదు. మా అల్లుని చేతిల ఏదో మహత్తున్నది."

అందరం కారులో కొమురవెల్లి జాతరకు బయలుదేరాం. ఊరు దాటి కొంత దూరం పోయాక, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. తర్వాత మాడు వాసన. తర్వాత ఒక పెద్ద మూలుగు. ఆ తర్వాత ఎంత నిశ్శబ్దమంటే, చేలలో పిట్టల కూతలు కూడా వినపడ్డాయి.

కారు కిందికి వంగి చూశాను. "ఒక్క చుక్క గూడ కారలేదు మామా," అన్నాను గర్వంగా.

వెనక సీటులోంచి మా ఆవిడ మెల్లగా అడిగింది. "కొత్త నూనె డబ్బ అరుగు మీదనే ఉన్నది గద. ఇంజన్ల పోసిన్రా?"

మామగారు నన్ను చూశారు. నేను చేలను చూశాను.

చివరికి జాతరకు పోతున్న ఒక రైతు దయతలచి, తన బండిని దారిపక్కన విడిచి, ఎడ్లను మా కారుకు కట్టాడు. పరువు పోయిందని నేను తల దించుకున్నాను. కానీ కొమురవెల్లి దగ్గరపడేకొద్దీ జనం దారి ఇవ్వసాగారు. ఒక ముసలమ్మ మడ్‌గార్డును కళ్లకద్దుకుంది. ఎవరో బానెట్టు మీద పసుపు చల్లారు.

"మోటరు పెట్టుకొని గూడ, దేవునికాడికి ఎడ్లతోనే వస్తుండు. ఎంత భక్తి," అనుకుంటున్నారు.

ఒకతను మామగారి దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "గిదేం మొక్కు అయ్యా?"

మామగారు తలపాగా సర్దుకున్నారు. నా వైపు చూశారు.

"మా అల్లుని మొక్కు," అన్నారు. "మొత్తం ఆయన చేతుల మీదనే అయింది."

మరుసటి ఏడు జాతరకు మేము ఎడ్లబండిలోనే వెళ్లాం. అక్కడ చూసింది ఇప్పటికీ నమ్మలేను. తొగుట వైపు నుంచి ఒక భూస్వామి, నిగనిగలాడే కొత్త కారుకు ఎడ్లను కట్టించుకుని, కళ్లు మూసుకుని దండం పెడుతూ వస్తున్నాడు. దాని ఇంజను భేషుగ్గా ఉందట.

"గట్ల తెస్తె పుణ్యమెక్కువనట," అన్నారు మా అత్తగారు, మొదటిసారి నేరుగా నాతోనే.

మల్లన్న సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో మళ్లీ ఏ ఇంజను కిందికీ దూరను. ఒక ఆచారం పుట్టించాను, చాలు. రెండోది పుట్టిస్తే మోసే ఓపిక ఈ తాలూకా ఎడ్లకు లేదు.