మక్తల్ బీరువాలో ఊరు

మా కొల్లాపూర్ ఫోటోగ్రాఫర్లకు భక్తి ఎక్కువ, జాగ్రత్త తక్కువ. కంప్యూటర్‌కు దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయలు కట్టినవాళ్లున్నారు గానీ, అందులోని పెళ్లి ఫోటోలను ఇంకో చోట కూడా దాచుకుందామని తోచినవాడు ఒక్కడూ లేడు. ఆ కంప్యూటర్ కాస్తా చెడిపోతే, పెళ్లికూతురి తండ్రి కంటబడకుండా సందుల్లోంచి తిరిగేవాళ్లు. నేను పటాలు కట్టేవాణ్ణి. ఫోటో చేతికొస్తేనే నాకు పని. అందుకే వీళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

అలాంటి చోట మల్లిక దుకాణం తెరిచింది. అప్పటికి ప్రత్యేక రాష్ట్రం వచ్చి ఏడాది దాటింది. డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో ఆల్బమ్‌లు అచ్చు వేసే చోట కొన్నాళ్లు పనిచేసి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చింది. నా దుకాణంలో సగం జాగా కిరాయికి తీసుకుని 'ఫోటోలు భద్రంగా దాచబడును' అని బోర్డు కట్టింది. దారిన పోయేవాళ్లు ఆగి చదివి నవ్వుకునేవాళ్లు.

"ఫోటోలు దాచుడేందమ్మా, మామిడికాయ తొక్కా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"తొక్కు అయిపోతె మళ్లేడు పెట్టుకుంటం మామా. అయిపోయిన పెండ్లి మళ్ల చేస్తవా?" అంది మల్లిక.

ఆయన బోర్డు ఇంకోసారి చదువుకుని వెళ్లిపోయాడు. మరుసటి వారం తన కొడుకు పెళ్లి ఫోటోలు పట్టుకుని వచ్చాడు.

ఈ తెలివి ఆమెకు హైదరాబాద్‌లో రాలేదు, గొర్రెల దొడ్డిలో వచ్చింది. మల్లిక తండ్రి ఐలేశం కురుమ, పుట్టినప్పటి నుంచి మంద వెంట తిరిగిన మనిషి. ఆయన తన గొర్రెలన్నిటినీ ఎన్నడూ ఒక్క దొడ్డిలో ఉంచలేదు. కొన్ని తన దగ్గర, కొన్ని తమ్ముడి మందలో, కొన్ని కృష్ణ ఒడ్డున బామ్మర్ది మందలో కలిపేవాడు. మల్లిక చిన్నప్పుడు ఒక ఏడు నీలినాలుక రోగం వచ్చి ఇంటి దొడ్డి మొత్తం ఖాళీ అయింది. తల్లి గుండెలు బాదుకుంటుంటే ఐలేశం మాత్రం కర్ర పట్టుకుని బామ్మర్ది ఊరికి నడిచాడు. అక్కడ బతికి ఉన్న గొర్రెలతోనే మళ్లీ మంద చేశాడు.

"మందనంత ఒక్క దొడ్ల తోలినోడు ఒక్క రోగానికే బికారైతడు," అని కూతురి దుకాణానికి వచ్చినప్పుడల్లా ఆయన నాతో అనేవాడు.

కూతురు ఆ పద్ధతినే పట్టుకుంది. ఏ ఫోటోగ్రాఫర్ వచ్చినా అతని ఫోటోలు మూడు చోట్ల ఉండాల్సిందే. ఒక హార్డ్‌డిస్క్ అతని దగ్గర, ఒకటి తన దుకాణంలో, ఇంకొకటి మక్తల్‌లో అక్క భాగ్యశ్రీ ఇంట్లో, బీరువాలో పట్టుచీరల మధ్య. అమావాస్య నాడు ముహూర్తాలుండవు, ఫోటోగ్రాఫర్లు ఖాళీగా ఉంటారు. ఆ రోజు తన దగ్గరున్న డిస్కులన్నీ ఒక్కొక్కటిగా తెరిచి, ఫోటోలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసేది. సాయంత్రం దొడ్డి దగ్గర నిలబడి గొర్రెల్ని లెక్కపెట్టుకునే తండ్రి ఎలా ఉంటాడో ఆమె అచ్చం అలాగే ఉండేది. మక్తల్ డిస్కులు చూసే పని అక్కది.

"మల్లికక్కా, గొర్లన్ని దొడ్లకొచ్చినయా?" అని విజేందర్ ఎగతాళి చేసేవాడు.

ఈ విజేందర్ మల్లికకు మొదటి గిరాకీ. మంచి చెయ్యి ఉన్న ఫోటోగ్రాఫర్, కాకపోతే నోరు ముందు, బుద్ధి వెనక. అతను చేసిన గొప్ప పని ఒకటుంది. రాళ్లబావి అనే ఊరు ఎత్తిపోతల రిజర్వాయర్ కింద మునిగిపోతుందని తేలినప్పుడు, ఆ ఊరివాళ్లు అతన్ని పిలిపించుకున్నారు. విజేందర్ ఇంటింటికీ తిరిగి, ప్రతి కుటుంబాన్నీ వాళ్ల గడప ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. ఒక్క ఇల్లు కూడా వదల్లేదు. తర్వాత జనం కొత్త కాలనీకి తరలిపోయారు, నీళ్లొచ్చి ఊరు మీద నిలబడ్డాయి.

ఇళ్లు కట్టుకోవడంలోనే వాళ్లకు ఏళ్లు గడిచాయి. మొన్నటి ఏడు కాలనీలో అందరి కోసం ఒక హాలు లేచింది. బతుకమ్మలు ఆడుతున్న రోజుల్లో రాళ్లబావి గుర్వమ్మ నా దుకాణానికి వచ్చింది. కాలనీలో ఆమె మాటంటే మాటే.

"అన్నా, మా ఇండ్ల ఫోటోలన్నిటికి పటాలు గట్టాలె. ఎవరింటి పక్కకు ఎవరిల్లుండెనో, గోడకు గట్లనే వరుసగ వెట్టాలె. దీపావళికి హాలు తెరుస్తం. మా ఊరు మాకు గోడ మీదన్న ఉండాలె," అంది.

నా చేతికి అంత పెద్ద పని ఎన్నడూ రాలేదు. దసరా వెళ్లగానే ఫోటోలిస్తానని విజేందర్ ఆమెకు మాటిచ్చాడు.

దసరాకు ముందు అతను మల్లిక దగ్గరికి వచ్చి, ఆమె దగ్గరున్న తన డిస్క్ కూడా ఇమ్మన్నాడు. ఆయుధపూజలో పెట్టాలట.

"నీదొకటి ఉన్నది గద, అది వెట్టుకో. రెండు ఒక్కకాడ వెట్టకు," అంది మల్లిక.

"సగం ఆయుధాలకు పూజ జేసి సగం ఇడిసిపెడ్తే అమ్మవారు ఊకుంటదా అక్కా? పొద్దున దీస్కపోత, మాపటికి తెచ్చిస్త."

అతని వస్తువు అతను అడిగితే ఆమె ఎలా కాదంటుంది? ఇచ్చింది. విజేందర్ ఎర్రగుడ్డ పరిచి కెమెరాలు, లెన్సులు, రెండు డిస్కులు వరుసగా పేర్చాడు. పసుపు, కుంకుమ, పూలు. కొబ్బరికాయ కొట్టి, భక్తి పొంగి, ఆ నీళ్లు అన్నిటి మీదా ధారగా పోశాడు. తర్వాత తువ్వాలతో తుడిచి, బాగానే ఉందో లేదోనని ఒక డిస్కును కంప్యూటర్‌కు పెట్టాడు. అది టక్కుటక్కుమని ఆగిపోయింది. కంగారులో రెండోది పెట్టాడు. అదీ ఆగిపోయింది. ఆరబెట్టి ఉంటే కనీసం ఆ రెండోదైనా బతికేదేమో, ఆ ఓపిక ఎక్కడిది?

మరునాడు మా దుకాణం మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. నేను తిట్టని తిట్టు లేదు. అప్పటికే ఫోటోల కోసం గుర్వమ్మ కూడా వచ్చి నిలబడి ఉంది, అంతా విన్నది. అరుస్తుందనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"ఊరు ఒక్కపారి మునిగితే తట్టుకున్నం. ఇంకోపారి గూడ మునిగిందా?" అంది.

అప్పటికే మల్లిక ఫోన్ చెవిన పెట్టుకుంది. అవతల నుంచి భాగ్యశ్రీ మాటలు మా అందరికీ వినబడుతున్నాయి. "ఉన్నదే, బీర్వలనే ఉన్నది. గని నేను తెరిసి జూసి శాన దినాలాయె. పోయిన అమాస, పెత్రమాసకు గూడ చూడలే, బతుకమ్మ పనుల బడ్డ."

మల్లిక మొహం మాడింది. వాడకుండా పడి ఉన్న డిస్క్ తిరగకుండా మొరాయిస్తుందని ఆమెకు తెలుసు. పోయి తెస్తానని లేచింది. గుర్వమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని "నేను గూడ వస్త. మా ఊరు ఉన్నదో పోయిందో నా కండ్లతోనే చూస్త," అంది. విజేందర్ వెంట నడిచాడు. నేను ఉండబట్టలేక దుకాణం మూసేశాను. వనపర్తిలో బస్సు మారి మక్తల్ చేరాం. నాకైతే కోపం పోయి భయం పట్టుకుంది.

భాగ్యశ్రీ తప్పు చేసినట్టు తలవంచుకుని బీరువా తెరిచింది. చీరల మధ్య నుంచి పాతగుడ్డలో చుట్టిన డిస్క్ తీసింది. మల్లిక దాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టింది. డిస్క్ మీద చిన్న దీపం వెలిగింది, కానీ తెర మీద ఏమీ రాలేదు. విజేందర్ చెయ్యి చాచబోతే మల్లిక ఆ చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "ముట్టకు. జర దానికి టైమియ్యి."

కాసేపటికి లోపల సన్నగా తిరుగుతున్న చప్పుడు వినబడింది. తెర మీద రాళ్లబావి అనే పేరు వచ్చింది. మల్లిక దాన్ని తెరిచింది. నీలం తలుపు, సున్నం గోడ, గడప ముందు పెళ్లాంబిడ్డలతో నిలబడ్డ మనిషి.

"గాలయ్య," అంది గుర్వమ్మ. ఇంకోటి వచ్చింది. "ఇది పర్వతాలోళ్లది. ఇగ కుడిదిక్కు ఇస్రాయేలు ఇల్లు రావాలె." వచ్చింది. తర్వాత వచ్చేది ఎవరి ఇల్లో ఫోటో కంటే ముందే చెబుతూ పోయింది. ఆమె వీధి వెంట నడుస్తోంది, మేం వెనక నడుస్తున్నాం. చివరి ఇంటి దాకా ఒక్కటీ తప్పిపోలేదు. విజేందర్ సిగ్గు విడిచి ఏడ్చాడు. నాకు మాత్రం గంతులెయ్యాలనిపించింది. వయసు చూసుకుని ఊరుకున్నాను. మల్లిక ఆ ఇంట్లోంచి కదలక ముందే ఇంకో డిస్క్ మీదికి ఫోటోలన్నీ ఎక్కించింది.

దీపావళి నాటికి పటాలన్నీ కట్టి గోడకెక్కించాను. హాలు తలుపులు తెరవగానే జనం లోపలికి తోసుకొచ్చారు, కానీ ఎవరూ ఫోటోలు చూస్తున్నట్టు చూడలేదు. ఎవరింటి ముందుకు వాళ్లు పోయి నిలబడ్డారు. పక్కింటివాళ్లు మళ్లీ పక్కపక్కనే నిలబడి పలకరించుకున్నారు. ముసలి గాలయ్య నీలం తలుపు ముందు ఆగి, వంగి, చెప్పులు విడిచాడు. ఎవరూ నవ్వలేదు. ఆ వెనక మిగతావాళ్లూ విడిచారు.

మల్లిక తండ్రిని తీసుకుని వచ్చి ఒక మూల నిలబడింది. ఐలేశం గోడ పొడుగునా చూసి, "బిడ్డా, మంద మల్ల అయింది," అని మీసం దువ్వుకున్నాడు.

గుర్వమ్మ చేతిలో తట్ట పట్టుకుని వచ్చింది. అందులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, రవికె గుడ్డ ఉన్నాయి. మల్లిక చెయ్యి పట్టుకుని జనం మధ్య నుంచి నడిపించి తన ఇంటి ఫోటో ముందు నిలబెట్టింది. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో ఒడిబియ్యం పోసేది తమ ఇంట్లోనే.

"కొంగు వట్టు," అంది.

"నాకెందుకు పెద్దమ్మా? నేను మీ ఊరి ఆడబిడ్డను గాదు గద," అంది మల్లిక.

గుర్వమ్మ వెనక్కి తిరిగి, గోడ పొడుగునా చెప్పులు లేకుండా నిలబడ్డ తన ఊరిని ఒకసారి చూసుకుంది.

"ఇయ్యాల్టి సంది నీకు తల్లిగారి ఊరు ఇదే. పట్టు బిడ్డా," అని దోసిలి నిండా బియ్యం ఎత్తింది.

మల్లిక కొంగు పట్టింది.