తాత వదిలిన కొసలు

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, ఒక నూలుదారాన్ని చూసి భయపడ్డాను. ఎమ్మిగనూరులో మాది మూడు గదుల ఇల్లు. నడిమి గదిలో గుంట మగ్గం ఉండేది. తాత గుండెనొప్పితో ఆదోని ఆసుపత్రిలో ఉన్న రోజులవి. ఒక మధ్యాహ్నం మా చిన్నాయన వీధి తలుపు దగ్గర దారం కొస నా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నాడు. రెండో కొస తీసుకుని పెరటి గోడ దాకా నడిచాడు. ఏదో ఆట అనుకున్నాను. దారం బిగిసేసరికి అది సరిగ్గా మగ్గం మీదుగా పోయి, గుంటలో కూర్చుని నేస్తున్న మా మేనత్త జుట్టుకు తగిలింది. ఆమె తల వంచిందే గాని నేత ఆపలేదు. నా చేతిలో ఉన్నది ఆట కాదని, ఇంటిని రెండుగా పంచే గీతని అప్పుడు తెలిసింది.

మేనత్త భర్త పోయాక పుట్టింటికి వచ్చింది. ఆ మగ్గమే ఆమెకు అన్నం పెట్టేది. "ఇది నీదే అమ్మీ" అని తాత చాలాసార్లు అన్నాడు, అందరం విన్నాం. కానీ ఏ కాగితం మీదా ఆ మాట లేదు. ఇల్లు రెండు ముక్కలైతే గోడ ఆ గుంటలోంచే లేస్తుంది. మళ్ళీ గుంట తవ్వుకోవడానికి ఆమెకంటూ జానెడు నేల లేదు.

తాత ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, పంపకం కోసం గోడ మీద చిన్నాయన గీసిన బొగ్గు గీతలు చూశాడు. నాలుగు రోజులకు మగ్గం మీద చీర పూర్తయింది. దాన్ని కోసేటప్పుడు నాన్ననూ చిన్నాయననూ పిలిచి, కత్తెర చిన్నాయన చేతికిచ్చాడు. చిన్నాయన నేత మాని ఆదోని మిల్లులో పనికి కుదిరి చాలా ఏళ్ళయింది. అయినా చెయ్యి మరవలేదు. పాత పడుగు, అంటే నిలువు పోగుల, కొసలు జానెడు మగ్గంలోనే వదిలి చీర కోశాడు. ఆ కొసలకే కొత్త పడుగును పోగుపోగుకూ అతుకుతారు. అవి లేకపోతే వేల పోగులు మళ్ళీ మొదటినుంచి ఎక్కించుకోవాలి.

"ఆ కొసలెందుకు వదిల్తివిరా?" అన్నాడు తాత.

"కొత్తది అతకల్ల కదా నాయనా. ఇంత గూడ తెల్దా నాకు?"

"సీరకైతే తెలుసు నీకు. ఇంటికి తెల్దా?"

చిన్నాయన తల దించుకున్నాడు. "నేను మగ్గం ఇడిసి పోయినానని నన్ను మర్సిపోతావనుకున్నా" అన్నాడు. తాత కోప్పడలేదు. తప్పు తనదేనన్నాడు. ఒక్కొక్కరికీ ఒక్కో మాట నోటితో చెప్పి, అదే చాలనుకున్నానన్నాడు.

ఆ ఆదివారం మా వసారాలో వీలునామా రాశారు. పక్కింటి రిటైరైన బడి అయ్యవారు తెల్ల కాగితాలు తెచ్చాడు. స్టాంపు పేపరు వద్దా అని నాన్న అడిగితే అక్కర్లేదన్నాడు. ఇల్లు తాత సొంత కష్టంతో కొన్నది కాబట్టి ఎవరికి ఏది రాయాలో ఆయన ఇష్టమన్నాడు. బతికున్నన్నాళ్ళూ మార్చుకోవచ్చనీ, చివరగా రాసిందే చెల్లుతుందనీ చెప్పాడు. ఇద్దరు సాక్షులు కావాలంటే, ఒకరిగా తాను సంతకం పెడతానని మేనత్త ముందుకొచ్చింది. ఆదోని నుంచి మాకు నూలు తెచ్చే భాయ్ అప్పుడక్కడే టీ తాగుతున్నాడు. "నీకొచ్చేదానికి నువ్వే సాక్షి అయితే ఎవురు నమ్ముతారక్కా? ఈ ఇంట్లో పైసా రానోడిని నేనున్నా కదా" అని నవ్వాడు. తాత సంతకం పెడుతుంటే అయ్యవారూ భాయీ పక్కనే కూర్చుని చూసి, ఆ తర్వాత వాళ్ళూ పెట్టారు.

తాతకు రాయడం వచ్చింది తన పేరు ఒక్కటే. ఆ పేరు రాయడానికి ఆయనకు పట్టినంత సేపు ఇంకెవరికైనా పట్టుంటే విసుక్కునేదాన్ని. ఆ రోజు ఊపిరి బిగబట్టి చూశాను. ముందు గది నాన్నకు, పెరటి గది చిన్నాయనకు, నడిమి గదీ మగ్గమూ మేనత్తకు. అయ్యవారితో అందరి ముందూ గట్టిగా చదివించాడు. మర్నాడు తానే నేసుకున్న పంచె కట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి నమోదు చేయించాడు. చేయించకపోయినా చెల్లుతుందని అయ్యవారు చెప్పినా వినలేదు. "నేను పెట్టిన సంతకం నలుగురూ సూడల్ల" అన్నాడు.

తాత పోయి పన్నెండేళ్ళయింది. మా ఇంట్లో మళ్ళీ ఎవరూ దారం లాగలేదు. మేనత్త ఇప్పటికీ ఆ గుంటలోనే కూర్చుని నేస్తోంది. తెగిన పోగులు అతకడానికి ఆమె చూపు ఆనకపోతే, సెలవు రోజుల్లో చిన్నాయనే వచ్చి అతికి పోతాడు.

ఇప్పుడు నాకిద్దరు పిల్లలు. మా ఆయన రోజూ బండి మీద పెద్దకడుబూరుకు పనికి పోయి వస్తాడు. ఆలస్యమైతే నా ప్రాణం గుమ్మంలో ఉంటుంది. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక నేనూ తెల్ల కాగితం తీశాను. నా పేరున ఉన్న ఇంటి స్థలం, నా నగలు, మేమిద్దరమూ లేకపోతే పిల్లలను మా చెల్లెలు పెంచాలన్న మాట, అన్నీ రాశాను. ఈ సాయంత్రం ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళు వస్తారు, వాళ్ళ ఎదుట సంతకం పెడతాను. భయం పూర్తిగా పోలేదు గాని, తాత మనవరాలినన్న గర్వం దాని పక్కనే వచ్చి కూర్చుంది.

పొద్దున జడ వేస్తుంటే కాగితంలో వాళ్ళ పిన్ని మాట చదివి పెద్దది అడిగింది, "యాడికన్నా పోతాండావా అమ్మా?"

"యాడికీ పోను" అన్నాను. చిన్నదాన్ని కూడా దగ్గరికి పిలిచాను. "ఇది బీరువాలో నీలం సంచిలో పెడతాండా. మీ దగ్గర దాచేది ఏమీ లేదు దీంట్లో. మీరు అతుక్కునేకి కొసలు వదిలినా, అంతే. యాడుందో ఇద్దరూ గుర్తు పెట్టుకోండి."