మగ్గాల మధ్య నేర్చిన మాట

మంచుకొండ మీది ఆర్మీ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండుంబావు. పదిహేడు వేల అడుగుల ఎత్తు, మైనస్ పద్దెనిమిది, వీపు మీద ఇరవై రెండు కిలోలు. మొత్తం ఎనిమిది మందిమి. బూట్లు విప్పగానే నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, అక్కడ చప్పుడే లేదని.

నేను సిరిసిల్లలో పవర్‌లూమ్ షెడ్డు వెనక గదిలో పెరిగాను. చప్పుడు ఆగిందంటే కరెంటు పోయినట్టే మాకు. ఆ కొండ మీద మూడు రోజులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు నుంచి చెవుల్లో మగ్గాలు ఆడటం మొదలైంది. కూచున్నా టకటక, నడిచినా టకటక. భయమేసింది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పసిగట్టింది ఉట్నూరు. మా హవల్దారు అందర్నీ ఊరి పేర్లతోనే పిలిచేవాడు. నేను సిరిసిల్ల, వాడు ఉట్నూరు. అడవి పక్క పల్లెలో పశువులు కాసినవాడు. మంచు మీద నాలుగడుగులు వేసి, కింద గట్టిగా ఉందో బోలుగా ఉందో చెప్పేసేవాడు. అందుకే తాడు కట్టుకుని నడిచేటప్పుడు అందరికంటే ముందు వాడు, వాడి వెనక నేను.

"ఏం ఇంటున్నవ్‌రా?" అన్నాడు ఓ రోజు.

"మగ్గాలు."

"నీ చెవులు ఖరాబైనయ్ తియ్. మా దిక్కు సప్పుడు లేకుంటెనే అన్నీ ఇనవడ్తయ్."

షెడ్డులో గొంతు వినపడదు. మాటంతా పెదవుల మీదే. అది వాడికి నేర్పాను. వాడు నాకు అడుగు వెయ్యడం నేర్పబోయాడు గానీ, నాకది ఒంటబట్టలేదు. స్టవ్వుకు చెరోపక్క కూచుని గొంతు లేకుండా హవల్దారును తిట్టుకునేవాళ్లం.

"ఏంట్రా ఈ దెయ్యాల కబుర్లు? నోరు పెట్టి మాట్లాడి చావండి," అనేవాడు హవల్దారు. ఆయనది గుంటూరు.

నలభై ఒకటో రోజు, పదకొండు నలభై. పక్క పోస్టుకు కిరోసిన్ మోస్తున్నాం. మంచు విరిగిపడుతుందని ఆ వాలు మీద గొంతెత్తొద్దని ఆర్డరు. ఎండ కాస్తోంది, గాలి లేదు. ఉట్నూరు ఆగాడు. మెల్లగా తల తిప్పి, కళ్లద్దాలు పైకెత్తి, మూతి మీది గుడ్డ కిందికి లాగాడు.

"కింద ఖాళీ ఉన్నది," అన్నాయి పెదవులు.

"ఎనుకకు రా," అన్నాను నేనూ అలాగే.

"కదిల్తె వాలంత జారుతది. అందరు పోతరు. హుక్కు ఇడువు."

"ఇడువ."

"నీ ఎనుక ఆరుగురున్నరు. ఇడువ్‌రా!"

తిట్టినట్టే అన్నాడు. వెనకవాళ్లకు మేమిద్దరం ఊరికే ఆగినట్టు కనిపించి ఉంటుంది. నడుం దగ్గర వాడి తాడున్న హుక్కు తెరిచాను. వాడు నిలబడ్డ చోటు లేకుండా పోయింది. మగ్గం కండెలో పోగు అయిపోయినట్టు తాడు నా కాళ్ల పక్కనుంచి సరసరా వెళ్లిపోయింది. చెవుల్లో మగ్గాలు కూడా అప్పుడే ఆగాయి.

పట్టుకుని ఉంటే ఆగేవాడేమో. నాకు తెలియదు.

మూడు రోజులు తవ్వారు. దొరకలేదు.

"వదలమన్నాడని నువ్వొక్కడివే చూశావా?" అని ఆఫీసరు అడిగాడు. అవునన్నాను. రాసుకున్నాడు. ఆ తర్వాత నా ముందు తాడు కట్టుకునే ప్రతివాడూ ఒకసారి నా హుక్కు వంక చూసేవాడు. వాళ్లను ఏమనగలను? నేనైనా చూసేవాణ్ణే.

డ్యూటీ ముగిశాక మంచిర్యాలలో రైలు దిగాను. ఇంటికి పోకుండా బస్సెక్కి వాడి ఊరికి వెళ్లాను. వాళ్ల అవ్వ వాకిట్లో పత్తి ఏరుతోంది. జరిగిందంతా చెప్పాను, మా పెదవుల మాటతో సహా. చేతులు ఆపకుండా వింది.

"ఇడువుమన్నడని నువ్వొక్కనివే సూసినవా బిడ్డా?"

"నేనొక్కన్నే అవ్వా."

నా మొహంలోకి చూసింది. అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. గొంతు లేదు.

"వానికి సలి వెట్టిందా?"

"వెట్టిందవ్వా," అన్నాను పైకి.

ఆమె చేతిలో పత్తి జారిపోయింది. అప్పుడు ఏడ్చింది, నా చెయ్యి పట్టుకుని.

సర్వీసు వదిలి ఏళ్లయింది. మంచూ, తాడూ కలల్లోకి రావు. ఆ వాకిలే వస్తుంది. చప్పుడు లేకుండా అడుగుతున్న ఆ నోరు వస్తుంది. ముసలి మొహంలో, అచ్చం వాడి పెదవులు.