చర్చల భోజనం

యోమ్ చేతి సేమియా తినడానికి ఒకప్పుడు కొండకి అటువైపు నుంచి కూడా మనుషులు వచ్చేవారు. కొండకి ఇటు థాయ్‌లాండ్, అటు కంబోడియా. ఇళ్ళల్లో మాట్లాడుకునేది మాత్రం రెండు వైపులా ఖ్మేర్ భాషే. సరిహద్దు గేటు దగ్గరి సంతలో ఆమె కొట్టు. బియ్యం నానబెట్టి, పులియబెట్టి, రుబ్బి, ఆ ముద్దని గుడ్డలో మూటగట్టి, మీద బండ పెట్టి, నీరంతా దిగాక మరిగే నీళ్ళలోకి సన్నగా ఒత్తుతుంది. ఆ పని నేర్పింది తల్లి తెబ్. పిండి చేతికి అంటుకున్నప్పుడల్లా తల్లి వేసిన మొట్టికాయలు, అరవైకి దగ్గరపడుతున్నా యోమ్‌కి గుర్తే.

చెల్లెలు సావీని అటువైపు ఊరికి ఇచ్చారు. దాన్ని విదేశీ సంబంధమని ఎవరూ అనుకోలేదు. పెళ్ళివారు మోటారు సైకిళ్ళ మీద వచ్చి, భోంచేసి, పొద్దుండగానే పిల్లని తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత తెబ్ ప్రతి ఏడూ పెద్దల పండక్కి చిన్నకూతురి దగ్గరికి వెళ్ళి, గుళ్ళో పోయినవాళ్ళ పేరన అన్నం ముద్దలు పెట్టించి, అటువైపు చేపల ఊరగాయ జాడీ పట్టుకుని తిరిగి వచ్చేది. ఈమధ్య అలా వెళ్ళినప్పుడే కొండమీద తుపాకులు పేలాయి. గేటు మూసేశారు.

ఊరంతా సిమెంటు తూముల్లో దూరి రోజులు గడిపింది. మోత ఆగి బయటికి వచ్చేసరికి సావీ ఫోన్ చేసింది. గుండ్లకి భయపడి పరుగెత్తబోయి అమ్మ పడిపోయిందట, తుంటి విరిగిందట, మంచం మీంచి లేవడం లేదట. పదే పదే ఒకటే మాట అడుగుతోందట, "పెద్దది ఎప్పుడొస్తుంది, నన్ను ఇంటికెప్పుడు తీసుకెళ్తుంది" అని. ముసలావిడ దగ్గర ఉన్నది సరిహద్దు చీటీ ఒక్కటే. అది చెల్లేది ఆ ఒక్క గేటు దగ్గరే.

కొట్టు మళ్ళీ తెరిచాక రోజూ అదే గోల. తినడానికి వచ్చినవాడల్లా దేశాన్ని ఎలా నడపాలో చెప్పేవాడే. యోమ్ మొగుడు ఫూన్‌ది అందరికంటే పెద్ద గొంతు.

"ఇంకో నాలుగు రోజులు వాయించి ఉంటే దారికొచ్చేవాళ్ళు. మధ్యలో ఆపి చెడగొట్టారు."

బడిపంతులు విచియెన్ చేతిలో గిన్నె కింద పెట్టాడు. "నువ్వు వాయిస్తే వాళ్ళు ఊరుకుంటారా? మొన్న తూములో నా పక్కన కూచుని వణికింది ఎవరయ్యా? కూచుని మాట్లాడుకుంటేనే ఏదన్నా తేలేది."

"మాటలా! ఆ కొండ మాదంటే మాదని రెండు దేశాలవాళ్ళూ మా తాత నాటినుంచీ మాట్లాడుతూనే ఉన్నారుగా. ఏం తేలింది?"

యోమ్ గరిటెతో గిన్నె అంచు మీద ఠంగున కొట్టింది. "నువ్వు వాయించమంటున్న వైపే మీ అత్త పడుకునుంది. నాకు పెట్టకుండా నీకు పెట్టిన మనిషి, గుర్తుందా?" ఫూన్ తల దించుకున్నాడు. పంతులు నవ్వబోయాడు. ఆమె అతన్నీ వదల్లేదు. "మీ మాటలైనా ఏం ఒరగబెట్టాయి పంతులుగారూ? టీవీలో చేతులు కలుపుతారు, ఫొటోలు దిగుతారు, గేటుకి తాళం అలాగే ఉంటుంది. మా అమ్మని తెచ్చేది ఏదో చెప్పండి, దానికే జై కొడతాను."

అలాంటి రోజుల్లోనే గ్రామపెద్ద బున్‌లోం కొట్టుకి వచ్చాడు. గేటు దగ్గర రెండు వైపుల అధికారులు కలుసుకుంటున్నారట. మధ్యాహ్నం భోజనం మన తరఫునట.

"నీ చేతి సేమియానే పెట్టాలక్కా. ఊరి పరువు."

"పెడతాను. మరి మా అమ్మ సంగతి?"

"భోజనాలయ్యాక కల్నల్‌గారు కులాసాగా ఉంటారు కదా, అప్పుడు నేనే చెవినేస్తాను. ముసలమ్మని మంచంతో సహా గేటు దాటించడం ఎంతసేపు? వాళ్ళూ మనుషులే."

ఆ మాటతో యోమ్‌కి ప్రాణం లేచి వచ్చింది. తల్లి పక్కబట్టలు ఉతికి ఆరేసింది. ఆ పైన వంట గురించి ఆలోచనలో పడింది. ఇటువైపు అధికారులు తినేది కొబ్బరిపాలు పోసి, ఎండుమిరపకాయలు దంచి వేసిన ఎర్ర పులుసు. అటువైపు వాళ్ళది నిమ్మగడ్డీ పసుపూ నూరి వేసిన పచ్చటి చేపల పులుసు. తెబ్ చేసేదీ అదే. ఇంటికొచ్చిన చుట్టానికి వాళ్ళింటి రుచి పెడితే మనసు మెత్తబడుతుందనుకుంది యోమ్. చుట్టాల ఇళ్ళల్లో అది నిజమే. దేశాలు చుట్టాల్లా మసలుకుంటాయని ఆ పిచ్చితల్లికి ఎవరు చెప్పారో గాని, పచ్చ పులుసే పెట్టింది.

గేటు దగ్గర షామియానా వేశారు. అటువైపు అధికారి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ! అచ్చం మా ఊరి వంటే. మా వంట ఇంత బాగా చేసేవాళ్ళు మీ దగ్గరున్నారే!"

మన కల్నల్ నవ్వాడు గాని మొహంలో నవ్వు లేదు. "మీ వంటేంటి? ఇది మా జిల్లా వంట. ఇక్కడ తరతరాలుగా తింటున్నారు."

"ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండానే తింటున్నారన్నమాట. కొండ సంగతీ అంతేగా."

బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగిపోయింది. కల్నల్ వంటమనిషిని పిలవమన్నాడు. యోమ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆమె వెనకే బున్‌లోం చెమటలు కక్కుతున్నాడు.

"చెప్పమ్మా, ఇది ఎవరి వంట?"

తల్లి మాట ఎత్తడానికి ఇంతకంటే మంచి సందు దొరకదనుకుంది యోమ్. "మా అమ్మ వంట బాబూ."

"విన్నారా!" అన్నాడు కల్నల్, పొంగిపోతూ.

"మీ అమ్మ ఎక్కడుంటుందమ్మా?" అటువైపు ఆయన మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు మీ వైపే ఉంది బాబూ. మా చెల్లెలి దగ్గర. మంచం మీద..."

అటువైపు వాళ్ళంతా గొల్లున నవ్వారు. "చూశారా, వంటా మాదే, వండినావిడ తల్లీ మా దగ్గరే!" కల్నల్ మొహం కందగడ్డ అయింది. యోమ్ ఆ నవ్వులో గొంతు పెంచింది. "బాబూ, ఆవిణ్ణి ఒక్కసారి ఇటు పంపిస్తే..." "ఎందుకమ్మా, మా దగ్గర బాగానే చూసుకుంటాంగా," అన్నాడు అటువైపాయన, పళ్ళెం దగ్గరికి లాక్కుంటూ. కల్నల్ మాత్రం తన పళ్ళెం దూరంగా నెట్టి లేచాడు. బున్‌లోం ఆయన వెనక రెండడుగులు వేసి ఆగిపోయాడు. చెవినేస్తానన్న మాట చెవిదాకా పోలేదు.

చర్చలు స్నేహపూర్వకంగా జరిగాయని సాయంత్రం టీవీ చెప్పింది.

తెబ్ వానలు తగ్గకముందే పోయింది. దహనం సావీ కొడుకులు చేశారు. ఆ తర్వాత ఎముకలు ఏరి కొబ్బరినీళ్ళతో కడగాలి. మొదటి నీళ్ళు పెద్దబిడ్డ పోయాలి. సావీ వాళ్ళ గుళ్ళో ఎముకలు తెల్లగుడ్డలో కట్టి ఉంచి, గేటు తెరుస్తారేమోనని కనిపెట్టుకుని కూర్చుంది. చివరికి బౌద్ధగురువే, ఇక ఉంచకూడదన్నాడు.

"అక్కా, ఫోన్లో చూస్తుండు. నేనే పోసేస్తాను," అంది సావీ ఏడుస్తూ.

"ఆగవే. నేను పొయ్యకుండా నువ్వెలా పోస్తావ్?"

యోమ్ ఇత్తడి పళ్ళెం ముందు పెట్టుకుంది. కొబ్బరిబోండాం కొట్టి ఆ ఉత్త పళ్ళెంలోకి నీళ్ళు వంచింది. ఫోన్లో సావీ చెయ్యి కదిలింది, ఎముకల మీద నీళ్ళు పడ్డాయి, అంతలో బొమ్మ ఆగిపోయింది.

అప్పుడే వచ్చాడు బున్‌లోం, చెప్పులు గుమ్మంలో విడిచి. పళ్ళెం చూసి తల తిప్పుకున్నాడు.

"చెప్పడానికి నోరు రావట్లేదక్కా. మళ్ళీ చర్చలు పెట్టారు. ఈసారి... ఎవరిదీ కానిది ఏదన్నా వండమన్నారు."

ఫూన్ ఒక్క ఉదుటున లేచాడు. "వెళ్ళకు! ఆ మాటలు మండిపోనీ. తుపాకులతోనే తేల్చుకోనీ."

"తేల్చుకుంటారులే," అంది యోమ్. "అమ్మ ఎముకలు ఆ గుళ్ళోనే ఉన్నాయి. మీ గుండు ఎక్కడ పడుతుందో నీకు తెలుసా? సావీ ఎక్కడ పడుకుంటుందో తెలుసా?" ఫూన్ కూలబడ్డాడు. మాటల వల్ల తనకి ఏమీ దక్కలేదని యోమ్‌కి తెలుసు. గుండు పడితే ఉన్నవి కూడా పోతాయనీ తెలుసు. ఆమె చేతిలో ఉన్నది గరిటె ఒక్కటే.

"ఉప్పు వేసిన గంజి కాస్తాను. అది మాదని కొట్టుకోరుగా?" అని బున్‌లోంని అడిగింది.

బియ్యం కడగడానికి పళ్ళెం కావాలి. అంత బియ్యానికి సరిపోయేది ఆ ఇత్తడి పళ్ళెం ఒక్కటే. యోమ్ దాన్ని రెండు చేతులా ఎత్తి వాకిట్లోకి వెళ్ళింది. ఆ కొబ్బరినీళ్ళు ఎక్కడ పారబోయాలో తెలియక అలాగే నిలబడిపోయింది.