చదవకముందే చెరిపిన కోడ్

మా షెడ్డులో గేర్‌బాక్సుల కంటే మనుషులే ఎక్కువ దెబ్బలు తిన్నారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సూర్యాపేట బైపాస్ పక్కన ఇరవై ఏళ్ళకు పైగా లారీలు బాగు చేస్తున్నాను. ఓనరు డ్రైవర్ను కొడతాడు, డ్రైవర్ క్లీనర్ను కొడతాడు, మేస్త్రీ ఎవరు చేతికందితే వాళ్ళను కొడతాడు. నా తల ఎడమ పక్కన వెంట్రుకలు మొలవని చోటొకటి ఉంది. నాకు పని నేర్పిన ఉస్తాద్ విసిరిన పానా అక్కడ తగిలింది. నెత్తురు తుడుచుకుని, అదే పానా తీసుకెళ్ళి ఆయన చేతికే ఇచ్చాను. దెబ్బ తిననివాడికి పని రాదని చాలాకాలం నేను కూడా నమ్మాను.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు లారీలు వచ్చాక ఈ గోల తగ్గుతుందనుకున్నాను. వాటికి క్లచ్ పెడల్ లేదు, గేర్ రాడ్డు లేదు. సీటు పక్కనున్న బిళ్ళ తిప్పితే చాలు, గేర్లు అవే పడతాయి. ఎక్కడ తప్పు జరిగిందో కూడా బండి తనలో తానే రాసి పెట్టుకుంటుంది. లాప్‌టాప్ తగిలిస్తే ఆ రాతంతా కోడ్‌ల రూపంలో కనిపిస్తుంది. ఇంకేం, గేర్‌బాక్సు పాడైతే డ్రైవర్ను ఎందుకు కొడతారు అనుకున్నాను. గేర్లు మార్చే పని మనిషి చేతిలోంచి పోయింది గానీ, తిట్లూ దెబ్బలూ ఆ మనిషి దగ్గరే ఉండిపోయాయి.

నాకొక పద్ధతి ఉండేది. లాప్‌టాప్ తగిలించగానే కోడ్‌లన్నీ చదవకుండానే చెరిపేసేవాణ్ణి. ఈ లారీల కంప్యూటరు చాడీలు చెప్పే మనిషి లాంటిది. బ్యాటరీ కాస్త దిగినా రాసుకుంటుంది, ఎప్పుడో వానలో ఒక ప్లగ్గు తడిసినా రాసుకుంటుంది. అందుకని ముందు అంతా తుడిచేసి, బండిని సర్వీసు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, తిరిగొచ్చిన కోడే అసలు జబ్బు అని తేల్చేవాణ్ణి. చాలాసార్లు నా మాటే నిజమైంది. కంపెనీ వాళ్ళు పూటంతా చూసేది నేను టీ తాగేలోపు చెప్పేస్తానని పేరొచ్చింది. పేరుతో పాటు పొగరు కూడా వచ్చింది.

ఆ రోజుల్లోనే పెన్‌పహాడ్ దిక్కు డ్రైవర్ ఒకాయన ఖాళీ లారీ తీసుకుని వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పొడుగు మనిషి, ఎప్పుడూ కాస్త వంగి నడిచేవాడు. కోదాడలో ఉండే ఓనరు లారీ అది. చిలుకూరు వైపు ఊళ్ళలో వడ్లు ఎత్తుకుని మిర్యాలగూడ మిల్లుల్లో దించడం అతని పని.

"అన్నా, ఎత్తు ఎక్కుతుంటె గేరు దానంతటదే న్యూట్రల్ అయితంది. ఖాళీ బండికి గాదు, లోడుంటెనే. జర మంచిగ సూడు," అన్నాడు. పెద్దవాడు నన్ను అన్నా అంటుంటే వద్దనాలని కూడా నాకు తోచలేదు.

లాప్‌టాప్ తగిలించాను. కోడ్‌లు చెరిపాను. ఒక చుట్టు తిప్పుకొచ్చాను. ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

"ఏం లేదు. తీస్కపో," అన్నాను.

"లోడు ఏస్కొని వస్త అన్నా. ఒక్కపాలి నాతోని వచ్చి సూడు. వెనుకకు జారుతుంటె పానం పోతున్నట్టుంటది."

"ఇరవై ఏండ్ల సంది ఇదే పని జేస్తున్న. నాకు నేర్పిస్తవా?" అని ఛాతీ మీద చెయ్యేసి నెట్టాను. వెనకాల పడుకోబెట్టిన టైరు కాళ్ళకు తగిలి దాంట్లోనే కూలబడ్డాడు. లేచి లుంగీ దులుపుకున్నాడు. ఓనరుకు చూపించాలని అతను అడిగితే "బండిలో తప్పు లేదు" అని చీటీ రాసిచ్చాను. కింద సంతకం కూడా పెట్టాను.

రెండు వారాలు కాకముందే ఒక పొద్దున పది గంటలప్పుడు అదే లారీ వడ్ల బస్తాల లోడుతో వచ్చి షెడ్డు ముందు ఆగింది. వెనక డాలా తలుపు వంగిపోయి, సందుల్లో ఇటుక ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. డ్రైవర్ దిగాడు. చొక్కాకు ఒక చెయ్యే మిగిలింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండో కంటితోనే మిర్యాలగూడ నుంచి ఇంత దూరం నడిపించుకొచ్చాడు. వెనకే కారు ఆగింది. అందులోంచి ఓనరు, అతని వెంట ఇద్దరు మనుషులు దిగారు.

జరిగింది ఓనరే అరుస్తూ చెప్పాడు. మిల్లు గేటు ముందున్న ఎత్తు ఎక్కుతూ లారీ వెనక్కి జారి ప్రహరీ గోడను కూల్చింది. గోడ పక్కన నిలబడ్డ హమాలీ ఎగిరి దూకాడు కాబట్టి బతికాడు. మిగతా హమాలీలు డ్రైవర్ను క్యాబిన్లోంచి గుంజి తొక్కేశారు. గోడ సంగతి తేలేదాకా లోడు దించనిచ్చేది లేదని మిల్లు ఆయన పదిమందిలో ఓనర్ను పట్టుకుని నానా మాటలూ అన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడానికి ఓనరుకు ఈ డ్రైవర్ దొరికాడు.

"నువ్వే కదయ్యా చీటీ రాసిచ్చింది, బండిలో ఏం లేదని? వీడేమో గేరు దానంతటదే పోయిందంటాడు. ఆ బిళ్ళ చేత్తో వీడే తిప్పుంటాడు. మిషన్ పెట్టి చూడు. కోడ్ వస్తే వదిలేస్తా. రాలేదా, ఆ తిప్పిన చెయ్యి ఇక్కడే విరగ్గొడతా."

మాట వరసకు అన్నాడనుకోవడానికి లేదు. చెబుతూనే మా జాకీ రాడ్డు అందుకున్నాడు.

నేను క్యాబిన్ ఎక్కాను. డ్రైవర్ ఫుట్‌బోర్డు పక్కన నిలబడి తెరుచుకున్న ఒక్క కంటితో నన్నే చూస్తున్నాడు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వైరు తగిలించాను. బండి మాట్లాడటం మొదలుపెట్టింది. నా వేలు అలవాటుగా వెళ్ళి చెరిపే బటన్ మీద పడింది.

పడ్డాక తెలిసింది ఏం చేశానో. మాయమయ్యే ముందు ఒక్క వరస కళ్ళబడింది. గేర్‌బాక్సు వెనక ఉండే స్పీడ్ సెన్సార్ నుంచి సిగ్నల్ అందడం లేదు, అదీ ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ సిగ్నల్ పోతే బండి ఎంత వేగంలో ఉందో కంప్యూటరుకు తెలియదు, భయపడి న్యూట్రల్ చేసేస్తుంది. డ్రైవర్ చెప్పింది అక్షరాలా అదే. ఇప్పుడు తెర మీద ఏమీ లేదు.

అవతలి తలుపులోంచి ఓనరు తల లోపలికి పెట్టాడు. "ఏం చూపిస్తోంది?"

"ఇప్పుడైతే ఏం లేదు," అన్నాను.

అబద్ధం చెప్పలేదు, చూడండి. ఎంత తెలివి! "కోడు ఉండె, నేనే చెరిపిన" అని ఒక్క మాట అంటే అయిపోయేది. అంటే నా చీటీ తప్పని తేలుతుంది, ఈ గోడ కూలింది నా వల్లేనని మిర్యాలగూడ దాకా తెలుస్తుంది. రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటాడులే, తర్వాత ఆ సెన్సార్ సంగతి చప్పుడు చెయ్యకుండా చూద్దామనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది తొడ మీద. డ్రైవర్ మోకాళ్ళ మీద కూలాడు. "సేటూ, నీ కాళ్ళు మొక్కుత, నేను తిప్పలే," అంటున్నాడు. వెంట వచ్చిన ఇద్దరూ అతని కుడిచెయ్యి లాగి లారీ టైరుకు ఆనించి పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. తల తిప్పి క్యాబిన్లో ఉన్న నా వైపు చూశాడు. నేను లాప్‌టాప్ వైపు చూశాను. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది.

అప్పుడు దూకాను. "కోడు ఉండె! నేనే చెరిపిన! నేనే!" అని అరిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. జాలిపడి అబద్ధమాడుతున్నానని ఓనరు అనుకున్నాడు. "ఇద్దరూ కలిశారా?" అంటూ రాడ్డు నా మీదికి తిప్పాడు. భుజం మీద పడింది. నాకు ఆ తర్వాత ఒళ్ళు తెలియలేదు. రాడ్డు గుంజుకుని పారేశాను. అతని మెడ పట్టి క్యాబిన్ తలుపుకేసి రెండుసార్లు కొట్టాను. ముక్కు పగిలి నెత్తురు నా చొక్కా మీద చిమ్మింది. మిగతా ఇద్దరూ నన్ను వెనకనుంచి గుద్దుతున్నారు. పక్క పంక్చర్ షాపు వాళ్ళు ఉరికొచ్చి వాళ్ళను లాగేశారు.

"ఎక్కు," అన్నాను ఓనరుతో. "లోడుంది, ఫ్లైఓవర్ ఉంది. నీ కండ్లతోని నువ్వే సూడు."

డ్రైవర్ను పంక్చర్ షాపు వాళ్ళు నీడకు చేర్చి, విరిగిన చెయ్యి కింద చెక్క పెట్టి తువ్వాలుతో కట్టారు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. లాప్‌టాప్ ఓనరు ఒళ్ళో పడేశాను. అతను కండువా ముక్కుకు అదుముకుని కూర్చున్నాడు. ఫ్లైఓవర్ ఎక్కడం మొదలుపెట్టాం. సగం ఎక్కామో లేదో, ఇంజను ఒక్కసారిగా గోల పెట్టింది. బోర్డు మీద న్యూట్రల్ గుర్తు వెలిగింది. లారీ ఒక్క క్షణం గాల్లో ఆగినట్టు ఆగి వెనక్కి జారింది. బస్తాలన్నీ మూలిగాయి. ఇది జరుగుతుందని తెలిసి బ్రేకు మీద కాలు సిద్ధంగా పెట్టుకున్న నాకే బండిని ఆపడానికి నాలుగు బారలు పట్టింది. వెనక వచ్చే ఆటో పక్కకు కోసుకుని గడ్డిలో దిగింది. మిల్లు గేటు ముందు, ఊహించని క్షణంలో ఆ డ్రైవర్‌కు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.

"సదువు," అన్నాను.

ఓనరు తెర వైపు చూశాడు. ఎర్రటి వరస వచ్చి ఉంది.

"గట్టిగ సదువు!"

చదివాడు.

షెడ్డుకొచ్చి బండి కింద దూరితే ఎక్కువసేపు పట్టలేదు. గేర్‌బాక్సు మీదుగా వెళ్ళే వైర్ల కట్ట ఒక ఇనుప క్లాంపుకు రాసుకుని రాసుకుని పై తొడుగు ఊడిపోయింది. లోపల ఒక వైరు తెగి, కొసకు కొస ఆనుకుని ఉంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఒక పక్కకు వాలుతుంది, కట్ట బిగుసుకుంటుంది, కొసలు విడిపోతాయి. ఖాళీ బండిలో మళ్ళీ కలుస్తాయి. "లోడుంటెనే" అని డ్రైవర్ చెప్పినప్పుడు ఒక్కసారి వెంట వెళ్ళి ఉంటే, వేలెడు వైరుతో పోయే పని.

ఓనరు కార్లోనే డ్రైవర్ను దవాఖానకు తీసుకెళ్ళాం. నేను ముందు కూర్చున్నాను. వెనక సీట్లో ఓనరు అతనితో చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. మణికట్టు పైన రెండు ఎముకలూ విరిగాయని ఎక్స్‌రే తీసి చెప్పారు. కట్టు వేసే ముందు డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ, "ఎట్లా తగిలింది?" అని అడిగింది.

"బండి మీద నుంచి జారి పడ్డ మేడమ్," అన్నాడు డ్రైవర్.

"అబద్ధం మేడమ్," అన్నాను నేను. "నేను సూసిన. రాడ్డుతోని..."

డ్రైవర్ నా వైపు తిరగను కూడా తిరగలేదు. "ఈయన అప్పుడు ఆడ లేడు మేడమ్," అన్నాడు.

ఆమె మా ముగ్గురి మొహాలూ చూసింది. ఓనరు ముక్కు, నా చొక్కా మీద నెత్తురు, అన్నీ చూసింది. డ్రైవర్ మళ్ళీ అదే మాట చెప్పాడు. జారి పడ్డాడనే రాసింది.

కట్టు ఆరేదాకా బయట బెంచీ మీద కూర్చోమన్నారు. ఓనరు ఫోన్ మాట్లాడుతూ గేటు దాకా వెళ్ళాడు. నేను డ్రైవర్ పక్కన నిలబడ్డాను.

"ఎందుకట్ల జెప్పినవ్?"

"సెయ్యి అతికెదాక బండి ఇంకోనికి ఇయ్యనన్నడు. మల్ల నన్నే ఎక్కమన్నడు."

"నీ సెయ్యి ఇరగ్గొట్టిండు! నేను టేషన్ల జెప్త. కోడు గూడ ఉన్నది, చూపిస్త."

అతను నవ్వాడు. వాచిన మొహంలో ఆ నవ్వు చూడలేకపోయాను. "ఇప్పుడు జెప్తవా? టైరుకు ఆనిచ్చి పట్టుకున్నప్పుడు నిన్నే సూసిన గద. అప్పుడు నోరు ఏడ వోయింది నీది?"

జవాబు లేకపోతే నాకు వచ్చేది ఒక్కటే. పెద్దవాడని లేదు, విరిగిన చెయ్యని లేదు, తప్పంతా నాదేనని లేదు. నా చెయ్యి లేచింది. కొట్టడానికే లేచింది.

అతను ఇంకా ఆరని కట్టుతో ఉన్న ఆ చేతినే ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నా దెబ్బ కోసం ఆగాడు.