సాంచ చప్పుడుకు తెరుచుకున్న కంప్యూటర్

జగిత్యాల జిల్లా అయిన కొత్తలో నేను అక్కడి ఒక కంప్యూటర్ సర్వీస్ సెంటర్‌లో సీనియర్ ఇంజనీరుగా ఉండేదాన్ని. నా కింద ఇద్దరు జూనియర్లు, నా పైన ఎప్పుడూ కిర్రుమనే ఒక ఫ్యాను.

ఒక సాయంత్రం సిరిసిల్ల నుంచి రాజేశం అనే ఆయన సీపీయూను ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. దసరాకు పెట్టిన బొట్టు దాని మీద ఇంకా ఉంది. ఆయనకు సాంచాల కార్ఖానా ఉంది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. చీర అంచుల డిజైన్లు తానే కంప్యూటర్లో గీస్తాడు. మర్నాడు చీరల శేటు వస్తాడట. డిజైన్ చూపించకపోతే ఆర్డరు పక్క కార్ఖానాకు పోతుందట. ఈయనేమో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మరిచిపోయాడు.

మామూలుగా అయితే ఇది చిన్న పని. పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ లేపి పాత పాస్‌వర్డ్ చెరిపేస్తాం. కానీ డిజైన్లు ఎవరైనా ఎత్తుకుపోతారని రాజేశం ఫైళ్లకు ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నాడు. అలాంటప్పుడు పాస్‌వర్డ్ చెరిపితే ఫైళ్లు ఉంటాయి గానీ తెరుచుకోవు. పాతదే గుర్తుకు రావాలి.

"నాకు యాదికి లేదు మేడం, నా వేళ్లకు ఎరుక," అన్నాడు. నడిచే సాంచ పక్కన కూర్చుని, దాని ఒక్కో దెబ్బకు ఒక్కో అక్షరం కొట్టడం అలవాటట. పని లేక వారంగా సాంచాలు బంద్.

నాకు ఒళ్లు మండింది. అయినా ఆయన భార్య లక్ష్మికి ఫోన్ చేయించి సాంచ ఆడించమన్నాను. స్పీకర్లో టకటక మొదలైంది. రాజేశం కళ్లు మూసుకుని కొట్టాడు. తప్పు.

"గా సాంచ కాదే, అది నడుమది. నాది కిటికీ కాడిది," అన్నాడు ఫోన్లో.

"నీ సోకుకు సాంచ గూడ ఏరుకోవాల్నా," అని తిడుతూనే ఆమె కిటికీ దగ్గరిది ఆడించింది. ఈసారి తెరుచుకుంది. జూనియర్లు చప్పట్లు కొట్టారు.

మా పద్ధతి ప్రకారం వెంటనే కొత్త పాస్‌వర్డ్ పెట్టించాలి. దాన్ని కస్టమరే కొట్టాలి, మేం గోడవైపు తిరగాలి. తిరిగాం. రాజేశం సంతోషంగా సిరిసిల్ల బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"మేడం, శేటు ముంగటనే కూసున్నడు. కొత్తది కొడదామంటె వేళ్లు కదుల్తలెవ్వు. సాంచ ఆడిపిచ్చినా యాదికస్తలేదు. మీ ఫ్యాను జర ఇనిపియ్యుండ్రి."

కుర్చీ ఎక్కి, ఫోన్‌ను ఫ్యాను కింద పట్టుకుని, సీనియర్ ఇంజనీరునైన నేను నిలబడ్డాను. కాసేపటికి అటునుంచి శేటు గొంతు వినబడింది. అంచు బాగుందంటున్నాడు. ఆర్డరు రాజేశానికే దక్కింది.

నేను నేర్చుకున్నది ఒకటే. పాస్‌వర్డ్ మార్పించే పని సర్వీస్ సెంటర్లో చేయకూడదు, మనిషి రోజూ కూర్చునే చోటే చేయించాలి. ఫ్యానుకు నూనె వేయిస్తానన్న మేనేజరును మాత్రం, రాజేశం మళ్లీ పాస్‌వర్డ్ మార్చుకునేదాకా ఆపాను.